గిడుగువారి సవర వ్యాకరణము

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి (1863-1940) జన్మదినమగు ఆగస్టు 29ని మనము తెలుగు భాషాదినముగా జరుపుకొనుచున్నాము. వ్యావహారికోద్యమమును స్మరింతుము, 1931లో ఆయన ప్రకటించిన సవర వ్యాకరణమును, 1938 నాటి సవర-ఆంగ్ల నిఘంటువును మా చిలకలగూడ ఇండ్లలో ఎందఱు చూచియుందురు?

లిపి లేని భాషకు వ్యాకరణమును లేదను అపోహను ఈ వ్యాకరణము తొలగించుచున్నది. కోయ, గోండి, కొలామి భాషలు తెలుగువలె ద్రావిడ కుటుంబమునకు జెందినవి. సవర ముండా కుటుంబమునకు జెందినది. గొంతులో గాలిని క్షణకాలము బిగబట్టి పలుకు ధ్వని అందు గలదు. తెలుగు లిపిలో దానికి అక్షరము లేదు. కర్మపదము క్రియలోనే ఇముడుటయు గలదు. ఇట్టి భాషలనన్నిటిని “అడవిమాటలు” అని ఒక్కగంప క్రింద మూయుట అజ్ఞానము.

లోపమొకటి గలదు. రెండు గ్రంథములును ఆంగ్లమున నుండుటచే పండితులకు అందినవిగాని తెలుగు గృహములకు అందలేదు. సవర పిల్లలకు వాచకములు వ్రాసి, బడులు నడపిన పంతులుగారి ఆశయము అంతటితో తీరునది కాదు. సులభమైన తెలుగులో వీని సారమును వెలువరించుట మన విధి.

మన నోటిమాటకు గౌరవము కోరిన మనము సవర బిడ్డ నోటిమాటకు బడిలో చోటు లేదనవచ్చునా?