పెరంబూరు మిద్దె మీద క్యారెట్

క్యారెట్ అనగానే చెన్నైవాళ్లకు ఊటీయే గుర్తుకొస్తుంది. 1820లలో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ నీలగిరి కొండల మీద ఐరోపా కూరగాయలు వేయించాడు. అప్పటినుంచీ క్యారెట్ కొండపంటే. ఇవాళ్టికీ కేత్తి లోయలో తవ్విన దుంపలు శుభ్రంగా కడిగించుకుని కోయంబేడు మార్కెట్టులో దిగుతుంటాయి. దుంప ఊరడానికీ రంగు పట్టడానికీ పదిహేను, ఇరవై డిగ్రీల చల్లదనం కావాలి. ఉత్తర చెన్నైలోని పెరంబూరులో జనవరి రాత్రులు కూడా సుమారు ఇరవై డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి, పగలు ముప్పైకి చేరువవుతుంది.

అయినా ఇక్కడ క్యారెట్ పండుతుంది. ఊటీ దుంపంత పొడుగు రాదు, రంగూ కాస్త తక్కువే. రుచి మాత్రం అప్పుడే తవ్విన దుంపది, అది బజారులో దొరికేది కాదు.

1856లో రైల్వే వర్క్‌షాపు, 1955లో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ వచ్చి పెరంబూరును పనివాళ్ల ఊరుగా మార్చాయి. తెలుగు కుటుంబాలూ ఎన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. పెరళ్లు కరిగిపోయాక మిగిలింది ఇంటి పైన ఖాళీ మిద్దే. హైదరాబాదు శివారు నారపల్లిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి సొంత ఇంటి మీద పండించి చూపించి, పుస్తకం కూడా రాసి మిద్దె తోటను తెలుగువాళ్లకు దగ్గర చేశారు. ఆ పద్ధతి పెరంబూరుకూ పనికొస్తుంది, కాకపోతే నీళ్ల సంగతి వేరుగా చూసుకోవాలి.

ఎండ కంటే ఇక్కడ క్యారెట్‌కు పెద్ద గండం ఉప్పునీళ్లు. నేలలో లవణత మీటరుకు ఒక డెసీసీమెన్ దాటితే చాలు, దిగుబడి తగ్గడం మొదలవుతుంది. బీట్‌రూట్ అయితే నాలుగు దాకా ఓర్చుకుంటుంది. ఉత్తర చెన్నైలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. వేసవంతా అవే పోస్తే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. అందుకు మందు వానే. అక్టోబరు, నవంబరుల్లో ఖాళీ కుండీలను ఆరుబయట వదిలేస్తే ఈశాన్య రుతుపవనాల వానకు ఆ ఉప్పంతా అడుగు రంధ్రాల్లోంచి కొట్టుకుపోతుంది. 2003 నుంచి తమిళనాట ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి. మిద్దె నుంచి వాననీళ్లు దిగే గొట్టం కింద రెండు పీపాలు పెట్టి మూత బిగిస్తే, బోరు నీళ్ల జోలికి పోకుండా చాలా రోజులు తడి పెట్టుకోవచ్చు.

వాన బలం తగ్గాకే విత్తాలి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను నగరాన్ని ముంచిన తీరు చూస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. నువ్వుల కంటే తేలికైన ఈ గింజలు ఒక్క జడివానకు మూలకు చేరిపోతాయి.

కుండీ అడుగు లోతుండాలి. ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు, బాగా మాగిన ఎరువు కలిపి, రాళ్లు లేకుండా జల్లెడ పట్టాలి. పచ్చి పేడ తగిలినా రాయి అడ్డొచ్చినా దుంప కాళ్లు చీలినట్టు రెండుగా పెరుగుతుంది. వేరుపురుగు రాకుండా గుప్పెడు వేపపిండి కలపడం మంచిది. నారు పోసి నాటితే దుంప వంకర తిరుగుతుంది కనుక నేరుగా విత్తడమే మేలు. చిటికెడు గింజల్ని పొడి ఇసుకతో కలిపి, వేలితో గీసిన అరంగుళం లోతు చాలులో రాల్చి, పైన పలచగా మట్టి కప్పాలి. తడి గోనెసంచి పరిస్తే పైపొర గట్టిపడదు. మొలక రావడానికి పది, పదిహేను రోజులు పడుతుంది. ఈలోగా ఓపిక నశించి కుండీ తవ్వేసేవాళ్లే ఎక్కువ. మొలక కనపడగానే గోనె తీసేయాలి.

తర్వాతిది మనసు రాని పని. మూడు ఆకులు రాగానే రెండంగుళాలకు ఒక్క మొక్క ఉంచి, తక్కినవి కత్తెరతో కత్తిరించాలి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. ఒత్తుగా వదిలేస్తే ఆకే తప్ప దుంప ఉండదు. దుంప భుజం మట్టిలోంచి బయటపడితే ఎండకు పచ్చబారి చేదెక్కుతుంది, మట్టి ఎగదోస్తే సరి. ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్లు పోస్తే దుంప పగులుతుంది.

రకాల్లో వేడిని కొంత ఓర్చుకునే పొట్టి కురోడా, మైదానాల కోసం ఢిల్లీలో తయారైన పూసా మేఘాలి మిద్దెకు నప్పుతాయి. కురోడా దాదాపు మూడు నెలలకు తీతకొస్తుంది. తవ్వగానే ఆకు కోసేయాలి, లేకుంటే దుంపలోని తేమ లాగేస్తుంది. లేత ఆకు పెసరపప్పులో వేస్తే కొత్తిమీరకు దగ్గరగా ఉండే ఘాటు వస్తుంది. ఐరోపా రకాలు వేస్తే మాత్రం గింజ ఏటా కొనాల్సిందే: అవి పూతకు రావాలంటే పది డిగ్రీల లోపు చలిలో వారాల తరబడి ఉండాలి. అందుకే నాంటిస్ లాంటి రకాల విత్తనం హిమాచల్‌లోని కులు లోయ వంటి చోట్ల తయారవుతుంది.