చేతక్ ఇంటిది, బుల్లెట్ ఒంటిది

బజాజ్ చేతక్‌కూ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కూ ధరల్లో తేడా చూస్తే తెలిసేది తక్కువ. ఏ బండి మీద ఎవరెవరు, ఎక్కడెక్కడ కూర్చునేవారో చూస్తే చాలా తెలుస్తుంది.

1972లో వచ్చిన చేతక్‌కు తల్లి ఇటలీ వెస్పా. దాన్ని రూపొందించిన కొర్రాదినో దస్కానియో విమానాల ఇంజినీరు. మోటారు సైకిలంటే ఆయనకు గిట్టదు. అందుకే ఇంజిన్‌ను రేకు కింద దాచి, గౌను వేసుకున్నవాళ్లు సైతం ఇబ్బంది పడకుండా ఎక్కేలా ముందు జాగా వదిలాడు. ఆ జాగాలోనే మన గుమాస్తాలు, మాస్టార్లు సంసారాలు సర్దేశారు. పెద్దవాడు హ్యాండిల్ పట్టుకుని ముందు నిలబడేవాడు. వెనక ఆవిడ ఒళ్లో చంటిదాన్ని పెట్టుకుని ఒక పక్కకు తిరిగి కూర్చునేది. పిల్లలు లేని రోజున అక్కడే బియ్యం బస్తానో గ్యాస్ బండో. పొద్దున స్టార్టవకపోతే బండిని ఓ పక్కకు వంచి మళ్లీ కిక్ కొట్టాల్సిందే. అందులో నామోషీ ఏముంది, ఎదురింటాయనా అదే పనిలో ఉండేవాడు. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన రోజుల్లో అది కట్నం జాబితాలోకీ ఎక్కింది. తండ్రి డబ్బుతో వచ్చిన బండి మీద కూతురిది వెనక సీటు!

బుల్లెట్ దారి వేరు. సైన్యం కొనుగోళ్లతో ఈ దేశంలో పాతుకుపోయి, 1955 నుంచి మద్రాసులో తయారైంది. ఊళ్లలో దాని మీద కనిపించింది ఎస్సై, మోతుబరి, కాంట్రాక్టరు. బస్తా పెట్టుకునే చోటు లేదు, మోకాళ్ల మధ్య ట్యాంకే. పాత మోడళ్లలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్తవాడి చేతికిస్తే తడబాటే. ఆయిల్ కారినా ఎవరూ తప్పు పట్టలేదు. శబ్దం ముందొచ్చేది, మనిషి తరవాత. అరుగు మీదివాళ్లు లేచి నిలబడటానికి ఆ వ్యవధి చాలు. దాని అసలు పనితనం అదేనని నా అభిప్రాయం.

మైలేజీ లెక్క మారగానే చేతక్ కొన్న కుటుంబాలే హీరో హోండాకు మళ్లాయి. 2009 చివర్లో బజాజ్ స్కూటర్లనే వదిలేస్తున్నట్టు ప్రకటించింది. అక్కరకు కొన్న పెట్రోలు చేతక్ అక్కర తీరగానే పోయింది. బుల్లెట్‌కు అక్కరతో పని లేదు కాబట్టి బతికింది. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు దాన్నెక్కి లదాఖ్ వెళుతున్నారు. వాళ్లకది స్వేచ్ఛ కావచ్చు. కానీ పాత దర్పం పోయిందనుకోవడం తొందరపాటు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో, బుల్లెట్ నడిపినందుకే దళిత విద్యార్థి చేతులపై కత్తులతో దాడి చేశారన్న ఫిర్యాదు మీద కేసు నమోదైంది. ఆ బండెక్కే హక్కు ఎవరిదో తామే తేల్చాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారన్నమాట.

మన దగ్గర 2021లో 'బుల్లెట్టు బండి' పాట పెళ్లి ఊరేగింపులను ఊపేసింది. మంచిర్యాల పెళ్లికూతురు దానికి నడిరోడ్డు మీద ఆడిన ఆట లక్షలమంది చూశారు. చేతక్ కాలపు కోడలికి ఆ చొరవ ఊహకందనిది, ఒప్పుకోవాలి. అయితే పాటలో బండి మటుకు వరుడిదే.