సంతలో తక్కెడ, పంచాయతీలో మాట

మా కలికిరికి సముద్రం చాలా దూరం. అయినా మా వైపు రాగి సంగటిలోకి ఎండు చేపల పులుసు ఉందంటే ఇంకో కూర ఊసెత్తరు. కోస్తాలో ఎండిన నెత్తళ్ళు, కవళ్ళు, ఉప్పు పట్టించిన సొర ముక్కలు గోనెల్లో మా సంతల దాకా వస్తాయి.

చలిదేశాల హెర్రింగ్ చేప, మన కవళ్ళు దగ్గరి చుట్టాలే. హెర్రింగ్‌లో కొవ్వెక్కువ. ఉత్తినే ఎండబెడితే నూనె చెడుతుందని ఐరోపాలో ఉప్పు వేసి పీపాల్లో దట్టించేవారు. ఆ సరుకుతో ఎదిగిన రేవు పట్టణాల్లో నగరసభ కుర్చీలు ఎక్కువగా పెద్ద వర్తకులవే ఉండేవి.

మా దగ్గర అంత పెద్ద వర్తకం లేదు. నాకు తెలిసిన ఎండు చేపల వ్యాపారి ఒకామె వార్డు మెంబరు కూడా. గోనె విప్పగానే ముందు చెయ్యి లోపలికి పెట్టి అడుగున చెమ్మ ఉందేమో చూస్తుంది. పిడికెడు నెత్తళ్ళు తీసి కొనేవాళ్ళ చేతిలో పోసి, "ఇరిసి సూడు నాయనా, పుటుక్కుమంటేనే తీసుకో" అంటుంది. వంగితే లోపల తడి ఉన్నట్టే. తడి చేప తూకంలో అమ్మేవాళ్ళకు లాభం, రెండు రోజుల్లో కొన్నవాళ్ళ ఇంట్లో బూజు. వానాకాలంలో అలాంటి సరుకును ఆమె పక్కన పడేయడం చూశాను. ఆ నష్టం ఎవరూ పూడ్చరు. ఈ నిజాయితీ నాకు గొప్పగా కనిపిస్తుంది.

పంచాయతీల్లో ఆడవాళ్ళకు స్థానాలు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్ళవి. కుర్చీ వచ్చింది సరే, మాట చెల్లాలి కదా! పంచాయతీ సంతను వేలం వేస్తుంది. పాట దక్కించుకున్నవాళ్ళు గంపకింతని ఆశీలు వసూలు చేస్తారు. ఆ ఆశీలు కట్టే మనిషే పంచాయతీలోనూ కూర్చుంటే, సంతలో నీడ లేదనీ, చేతులు కడుక్కోను కుళాయి లేదనీ, వాన పడితే సరుకు తడిసిపోతుందనీ ఎవరూ ఆమెకు చెప్పక్కర్లేదు. లెక్కల పుస్తకంలో ఆదాయంగా కనిపించే సంత ఆమెకు వారం వారం నిలబడే నేల. అలాంటివాళ్ళే మెంబర్లు కావాలని నా గట్టి నమ్మకం.

మీ ఊళ్ళో గ్రామసభ జరిగితే తప్పకుండా వెళ్ళండి. సంత వేలంలో ఎంత వచ్చింది, అందులో సంత కోసం ఎంత ఖర్చయింది అని అడగండి. గంపలవాళ్ళకు ఒక రేకుల షెడ్డు, ఒక కుళాయి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.