వాగు వెంట బువ్వ

ఒక నేలను చూడాలంటే దాని నీళ్ల వెంట పోవాలి. రోడ్డు వెంట పోతే ధాబాలు, పెట్రోలు బంకులు, ఫ్లెక్సీలు. నీళ్ల వెంట పోతే చెరువు, చెరువు కింద పొలం, గట్టు మీద తాటిచెట్లు, ఆ పక్కన ఊరు, ఆ ఊళ్లో పొయ్యి మీద ఏం ఉడుకుతోందో అదీ వరసగా తెలిసొస్తాయి. చాలా ఏళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా నేను చేసే పని ఇదే. ఎక్కువగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో. రైలున్నంత మేర ప్యాసింజరు, లేనిచోట ఆర్టీసీ బస్సు, అదీ ఆగిన చోట ఆటో, ఆఖరున కాలినడక.

2016 అక్టోబరులో ఇవి వేర్వేరు జిల్లాలయ్యాయి. వాన గీసిన గీత అంతకన్నా పాతది. జనగామ మెట్ట మీద పడ్డ వానలో చాలా భాగం ఆకేరు, పాలేరు దారుల్లో దిగి కృష్ణను చేరుతుంది. భూపాలపల్లి మీద పడ్డ వాన మోరంచవాగును, మానేరును పట్టుకొని గోదావరికి పోతుంది. దేవాదుల ఎత్తిపోతలు వచ్చాక ఆ గోదావరి నీళ్లే గుట్టలెక్కి స్టేషన్ ఘనపూర్, చీటకోడూరు జలాశయాల్లోకి వస్తున్నాయి. ఆముదం, కంది, జొన్న వేసిన చెలకల్లో ఇప్పుడు వరి నాట్లు కనిపిస్తాయి. నీళ్లు మారితే పళ్లెంలో కూడూ మారింది. జొన్నరవ్వ గట్టిగా ఉడికించి చేసే గటక తిని పెరిగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. గటక వండే ఇళ్లు మాత్రం వెతుక్కోవాల్సి వస్తోంది.

వెతుక్కోవాల్సి రావడానికి ఇంకో కారణం ఉంది. ఈ ఊళ్లలో ఎవరింటికి పోయినా చుట్టం వచ్చాడని అన్నం వండుతారు, కోడిని కోస్తారు. వాళ్లు రోజూ తినేది మనకు పెట్టరు. ఆకేరుకు దగ్గర్లోని ఒక తండాలో పొయ్యి దగ్గర కూర్చున్న పెద్దామెను "ఇయ్యాల ఏం వండిన్రు యాడీ?" అని అడిగాను. "మేం జొన్నరొట్టె తింటున్నం. నీకు బియ్యం పెడతా, జర సేపు కూసో" అన్నది. రొట్టే కావాలని బతిమాలితే గాని ఒప్పుకోలేదు. జొన్నపిండిలో వేడినీళ్లు పోసి పిసికి, అరచేతుల మధ్య తడుతూ తిప్పుతూ పెనం మీద వేసింది. ఎండుమిరపకాయ, ఎల్లిపాయ, ఉప్పు రోట్లో నూరింది. పుంటికూర పప్పు పక్కన పెట్టింది. నేను తింటున్నంత సేపూ ఆమె ముఖంలో మర్యాద తక్కువైందేమోనన్న బాధ కనిపిస్తూనే ఉంది.

ఆ బాధ ఎక్కడిదో తెలియాలంటే పాలకుర్తి పోవాలి. ఆ ఊళ్లోనే చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన భూమిలో పండిన పంటను విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా ఆంధ్ర మహాసభ సంఘం అండతో నిలబడింది. అక్కడికి దగ్గర్లోనే కడవెండి. 1946 జూలై 4న అక్కడ దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలైపోయాడు. పండించినవాడికి గింజ మిగలని కాలం అది. వరి అన్నం దొరల ఇళ్లలో రోజూ ఉడికేది, కూలీల ఇళ్లలో పండుగకు ఉడికేది. అందుకే ఈ ఊళ్లలో చుట్టానికి తెల్లటి అన్నం పెట్టడం అంటే, మేమూ పెట్టగలం అని చెప్పడం. దాన్ని కాదని గటక అడిగేవాడు ఆ సంగతి ఎరిగి అడగాలి.

గటక మీద నాకు ప్రేమ ఉంది. కానీ దాన్ని పొగిడేవాళ్లు మరచిపోయేది ఒకటుంది. వేరే ఆధారం లేకుండా జొన్న మీదే బతికిన దక్కను పేదలకు పెల్లగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగిలేది, నోరు పూసేది, మతి చలించేది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఆయన తోటివాళ్లు 1960లలో దీని మీద పరిశోధన చేశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని వాదించారు. ఇటలీ ఉత్తరాది పల్లెల్లోనూ ఇదే జరిగింది. అక్కడి పేదల కూడు పొలెంటా. మక్కపిండిని నీళ్లలో కలియబెడుతూ గట్టిపడేదాకా ఉడికించేది, మన మక్కగటకే. అది తప్ప మరొకటి దొరకక అక్కడి రైతుకూలీలు వేలకు వేలుగా పెల్లగ్రా పాలయ్యారు. ఇవాళ అదే పొలెంటాను ఆ లోయల్లో అడవి పుట్టగొడుగులతో, ఇంట్లో చేసిన జున్నుతో వడ్డిస్తుంటే దూరదేశాల వాళ్లు వెతుక్కుంటూ పోయి తింటున్నారు. పక్కన పప్పు, ఆకుకూర, చేప, పాలు ఉంటే జొన్న గొప్ప తిండి. అవి లేనప్పుడే అది శిక్ష అయింది. తండా పళ్లెంలో పుంటికూర పప్పు పక్కన ఉండాల్సింది అందుకే.

ఇంటి వంటను మర్యాదగా అడగడం ఈ తిరుగుడులో అన్నిటికన్నా పెద్ద పని. ఏం అడగాలన్నది నెలను బట్టి ఉంటుంది. ఎండాకాలం జనగామ దిక్కు పోతే ముంజల కాలం. రఘునాథపల్లి దగ్గర ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఉంది. గీత వృత్తి చేసే ఇంట పుట్టి మొఘలుల మీద తిరగబడినవాడి కోట చుట్టూ ఇప్పటికీ తాళ్లు ఉండటం నాకు చాలా ఇష్టం. మోకు నడుముకు వేసుకొని గౌడన్న ఎక్కి కోసి పడేసిన గెల దగ్గర కూర్చుంటే కత్తితో కాయ చెక్కి చేతిలో పెడతాడు, బొటనవేలితో తీసుకొని తినాలి. వానాకాలంలో పండ్లు రాలతాయి. ఆ టెంకలు మట్టిలో పాతిపెడితే చలికాలానికి గేగులవుతాయి. ఒకే చెట్టు ఏడాదిలో మూడు తీర్ల తిండి పెడుతుంది. ఊరి పెరట్లో చెట్లు కొట్టి ప్లాట్లు చేసే ముందు ఈ లెక్క ఎవరూ వేయడం లేదు.

సాయంత్రం పూట అడగాల్సింది సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శెనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, కరివేపాకు, కారం కలిపి, గుండ్రటి గిన్నె లోపల అడుగునా అంచులకూ పల్చగా అద్దుతారు. వేళ్లతో తూట్లు పొడిచి, తూట్లలో నూనె పోసి, మూతపెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తారు. ఒకటి దించాక గిన్నెను బోర్లించి నీళ్లు గుమ్మరించి చల్లారనివ్వాలి. వేడి గిన్నెకు పిండి అంటుకోదు. అందుకే సర్వపిండికి తొందర పనికిరాదు. రెండో గిన్నె ఉన్న ఇల్లయితే సరే, లేకపోతే ఒక్కొక్కరూ వంతు వచ్చేదాకా కూర్చొని మాట్లాడుకోవాల్సిందే. ఊళ్ల సంగతులు నేను ఎక్కువగా విన్నది అట్లా కూర్చున్నప్పుడే.

మానుకోట అని పిలిచే మహబూబాబాద్ దిక్కు రైల్లో పోవాలి. కేసముద్రం దాటితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పట్టాలకు అటూ ఇటూ మిరప కల్లాలు ఎర్రగా పరచుకుంటాయి. 2024 సెప్టెంబర్ 1న ఇక్కడే, ఇంటికన్నె, కేసముద్రం మధ్య, వరదకు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. అదే రోజు ఆకేరు పొంగి మరిపెడ వైపు తండాల మీద పడింది. అంతకు ముందటేడు జూలై 27న భూపాలపల్లి దగ్గర మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. జనం ఇంటి కప్పులెక్కితే సహాయక బృందాలు వచ్చి దింపాయి. వాగు పక్కన నడిచేవాడు వాగును అందంగా ఉందని మాత్రమే రాస్తే అది నిజం కాదు. ఈ ఊళ్లవాళ్లు వాగు గురించి మాట్లాడేటప్పుడు గొంతులో ప్రేమ, భయం రెండూ ఉంటాయి.

మానుకోట జిల్లాలోని బయ్యారం చెరువును తవ్వించింది కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ, 13వ శతాబ్దంలో. ఆమె వేయించిన శాసనమే కాకతీయుల వంశక్రమాన్ని చెప్పే ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. చెరువులు తగ్గే ఎండాకాలంలో కట్టల మీదే కాంటాలు వేలాడతాయి. కొర్రమట్ట కావాలంటే పొద్దున్నే ఉండాలి. చింతపులుసు, మెంతిపొడి, మానుకోట కారం వేసి మట్టికుండలో పొద్దున వండి రాత్రికి తింటే దాని అసలు రుచి. చిన్న పరకలను ఎండబెట్టి దాచుకుంటారు. వాటిని వంకాయలో వేసి వండినప్పుడు వచ్చే వాసనకు సగం మంది పారిపోతారు. నేను పారిపోయేవాళ్లలో లేను.

భూపాలపల్లి అడవిది వేరే పంచాంగం. మార్చి చివర రాత్రంతా ఇప్పపూలు రాలతాయి. తెల్లవారకముందే కోయ, నాయకపోడు ఆడవాళ్లు గంపలతో చెట్ల కింద ఉంటారు. పచ్చి పువ్వు నోట్లో వేసుకుంటే తీపి, వెనకనే ఘాటు. ఎండబెట్టి గింజలతో కలిపి ఉడికించుకుంటారు, సారా కాస్తారు. ఏప్రిల్, మే నెలలు తునికాకువి. యాభై ఆకులు ఒక కట్ట. ఇంటిల్లిపాదీ పొద్దున కోసి, నీడన కూర్చొని కట్టలు కట్టి, కల్లంలో ఎండకు పరుస్తారు. అదే నెలల్లో తునికి పండ్లు, మొర్రి పండ్లు పండుతాయి. మొర్రి గింజ పగలగొడితే వచ్చేదే సారపప్పు. మిఠాయి దుకాణంలో అంత ధర పెట్టి కొనే ఆ పప్పు చుట్టూ ఇంత పుల్లటి తియ్యటి గుజ్జు ఉంటుందని పట్నంలో చాలామందికి తెలియదు. మహదేవపూర్ వైపు నల్లమద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులను పెంచుతారు. పిట్టలు ఎత్తుకుపోకుండా చెట్ల కిందే కాపలా ఉంటారు. ఆ కాపలా గుడిసె దగ్గర వండుకునే అంబలి, తొక్కు నాకు పెద్ద విందు.

2025 మే నెలలో సరస్వతి పుష్కరాలకు కాళేశ్వరం జనంతో నిండిపోయింది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలను చూశారు, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట మునిగారు, ఇడ్లీ, పులిహోర తిని బస్సెక్కారు. అది తునికి, మొర్రి పండే నెల. అడవి మధ్యలోంచే వచ్చి పోయిన అంతమందిలో ఆ పండ్ల రుచి చూసినవాళ్లు ఎందరుంటారు? అక్కడి తప్పు యాత్రికులది కాదు. తినాలనుకున్నవాడికి చోటు లేదు. మండల కేంద్రంలో హోటలుంది, అందులో బిర్యానీ ఉంది. ఊళ్లో ఇంటి వంట ఉంది, కానీ డబ్బిచ్చి తినే దారి లేదు. ఇస్తామంటే ఆ ఇంటివాళ్లకు అవమానం. అందుకే నేను పోయినచోట కిలో కారమో, ఇప్పపువ్వో, కందిపప్పో కొని లెక్క సరిచేస్తుంటాను.

ఊరికి తెలిసిన మనిషి తోడు లేకుండా పోతే ఇంకో ముడి కూడా పడుతుంది. ఎవరింట్లో తింటావన్నది కులాన్ని బట్టి ఊరే నిర్ణయిస్తుంది. దిగిన ఇంటివాళ్లు "అటు వాడకు పోవద్దు సార్" అంటారు. అటు వాడకే పోవాలి. కొన్ని వంటలు ఆ వాడల్లోనే మిగిలి ఉన్నాయి. ఊరంతటినీ చూడనివాడు ఊరిని చూసినట్టు కాదు.

ఇంటి వంటకు డబ్బివ్వలేని ఆ ముడిని ఇటలీ 1985లో చట్టంతో విప్పింది. రైతు తన ఇంట్లో అతిథులకు పడక, భోజనం ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. అయితే వ్యవసాయమే ముఖ్యమైన పనిగా ఉండాలి, పెట్టే తిండి చాలావరకు ఆ పొలానిదీ ఆ చుట్టుపక్కలదీ కావాలి. ఖాళీ అయిపోతున్న కొండపల్లెలు కొన్ని దాంతో నిలదొక్కుకున్నాయి. మనకు ఆ పొలం తిండి షరతే కావాలి. అది లేకుండా వచ్చే రిసార్టు చెరువు పక్కన గోడ కట్టి లోపల పనీర్ వండుతుంది.

ఆ షరతుకు ఇంకొకటి కలపాలని నా పట్టు. ఇంటికి అతిథి వస్తే పని రెట్టింపయ్యేది ఆడమనిషికి. కాబట్టి డబ్బు ఆమె చేతికే రావాలి. ఊరూరా మహిళా సంఘాలున్నాయి, పొదుపు లెక్కలు రాసే అలవాటుంది, బ్యాంకు ఖాతా ఉంది. మొదలుపెట్టడానికి పెంబర్తి కన్నా మంచి ఊరు నాకు కనిపించదు. ఇత్తడి రేకు మీద ఉలితో బొమ్మలు తేల్చే అక్కడి విశ్వకర్మల పని పేరు మోసింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఆ ఊరిని ఎంపిక చేసింది. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే రోడ్డు మీదే ఉంది, జనగామ స్టేషన్ దగ్గరే. చూడటానికి వచ్చినవాళ్లు గంటసేపు ఉండి, దీపపు కుందో జ్ఞాపికో కొని, భోజనం వేళకు వెళ్లిపోతున్నారు. సంఘంలోని కొన్ని ఇళ్లు వంతులవారీగా రోజుకో పూట, తాము ఆ రోజు వండుకున్నదే నలుగురికి ఎక్కువ వండితే చాలు. ధర ముందే గోడ మీద రాసి ఉండాలి. జనవరిలో సకినాలు, అనపకాయ గుడాలు, మేలో ముంజలు, మామిడికాయ పప్పు, వానలు పడ్డాక బోడకాకరకాయ, వినాయక చవితికి తుమ్మికూర, బతుకమ్మకు సద్దులు. గటక మాత్రం పన్నెండు నెలలూ ఉండాలి, అన్నంతో సమానమైన ధరకు.