అవార్డు పాటలు, వరుసపెట్టి

మేడ్చల్ ట్రాఫిక్‌లోనో, శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి మీదో జాతీయ అవార్డు అందుకున్న తెలుగు సినిమాల పాటలు వరుసపెట్టి వింటే సంగీత దర్శకుల పనితనం తెలిసొస్తుంది.

‘శంకరాభరణం’లో కె.వి. మహాదేవన్ సాహిత్యానికి తగ్గట్టు బాణీ కట్టారు. మాట ఎక్కడా నలగదు.

రమేశ్ నాయుడు ‘మేఘసందేశం’ (1982) మరీ నెమ్మదిగా ఉందనేవాళ్లున్నారు. నిజానికి ఆ నెమ్మదే దాని బలం. ఏసుదాసు, సుశీల గొంతులు తొందర లేకుండా విచ్చుకుంటాయి. ఆ సినిమాకి వాళ్లిద్దరికీ జాతీయ అవార్డులొచ్చాయి మరి!

‘సాగర సంగమం’ (1983)లో ఇళయరాజా వయొలిన్ల అల్లిక ఇయర్‌ఫోన్స్‌లో వింటే ఒళ్లు పులకరిస్తుంది. అయినా అగ్రస్థానం ఆయనదే ‘రుద్రవీణ’ (1988)కి ఇవ్వాలి: అందులో శాస్త్రీయ సంగీతం జనం మధ్యకు నడిచొచ్చింది.