ఈగ ముఖం చదివేవాళ్లు

మామిడి తోటలో వేలాడదీసిన మిథైల్ యూజినాల్ బుట్ట విప్పితే గుప్పెడు పండుఈగలు. ఆ వాసనకు వచ్చేవి మగవే. మామూలు కంటికి అన్నీ ఒకటే. వాటిని తెల్లకాగితం మీద పోసుకుని జాతులవారీగా వేరుచేసే కీటక శాస్త్రజ్ఞుల పనితనం చూసితీరాలి.

రెక్క ముందంచున ముదురు పట్టీ కొసదాకా సాగితే బాక్ట్రోసెరా డోర్సాలిస్ కావచ్చు. పట్టీ మధ్యలో తెగి, కొసన చిన్న మచ్చ మిగిలితే బాక్ట్రోసెరా జోనాటానో, కరెక్టానో. ఆ రెంటినీ విడదీసేది ముఖం. జోనాటాకు రెండు విడి నల్లచుక్కలు. కరెక్టాకు అవే అడ్డంగా సాగి దాదాపు కలిసిపోతాయి. వీపు మాత్రమే పడిన ఫోటో ఎంత అందంగా ఉన్నా ఇక్కడ అక్కరకు రాదు.

నాకు మరీ నచ్చేది వాళ్ల నిదానం. ‘బాక్ట్రోసెరా ప్రజాతి అనేవరకే చెప్పగలం’ అని ఆగడానికీ చదువు కావాలి మరి! పెట్టిన పేర్లూ మారుతుంటాయి: ఆఫ్రికాలో దొరికిన ఒక ఈగకు 2005లో ఇన్వాడెన్స్ అని పేరు పెట్టారు. అదీ డోర్సాలిసేనని 2015లో తేల్చారు.

ఈ గుర్తింపు ఉత్త సరదా కాదు. పండుఈగలు దొరికాయనే 2014 మేలో యూరోపియన్ యూనియన్ మన మామిడిని ఆపేసింది. మీ బుట్టలో పడ్డవాటిని పారబోయకండి. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.