ఆడని గోళీకే ధర ఎక్కువ

పాత గోళీలు పోగుచేసేవాళ్ల కోసం అమెరికాలో వచ్చే గుర్తింపు, ధరల గైడులు ఈమధ్య వరసపెట్టి చదివాను. రాబర్ట్ బ్లాక్ రాసిన గైడు వాటిలో పేరున్నది, చాలా ముద్రణలు పొందింది. మా వరంగల్ వైపు గోటీలు అని పిలుచుకునే వస్తువు మీద ఇంత శ్రద్ధ పెట్టిన పేజీలు చూసి ముచ్చటేసింది. చదవడం అయ్యాక ఒక మెచ్చుకోలు, ఒక పేచీ మిగిలాయి.

ముందు మెచ్చుకోలు. ఈ పుస్తకాలు చూడటం నేర్పుతాయి. జర్మనీలోని తురింగియా ప్రాంతంలో లౌషా అని గాజు పనివాళ్ల ఊరు ఉంది. 1840ల్లో అక్కడ గోళీలు కోసే ప్రత్యేకమైన కత్తెర వచ్చింది. రంగు గాజు పోగులు పేర్చిన కడ్డీని కాల్చి, మెలిపెట్టి, కొసని గుండ్రంగా చేసి కత్తిరించేవాళ్లు. తెగినచోట చిన్న గరుకు మచ్చ మిగిలేది. దాన్ని పాంటిల్ గుర్తు అంటారు. 20వ శతాబ్దం మొదట్లో ఒహాయోలోని ఆక్రన్‌లో మార్టిన్ క్రిస్టెన్సన్ యంత్రం మీద గోళీలు చేయడం మొదలుపెట్టాక ఆ మచ్చ మెల్లగా మాయమైంది. లోపల పిల్లికన్ను లాంటి రేకులున్న రకం 1950ల్లో జపాన్ నుంచి వచ్చి బజార్లను నింపేసింది. మనలో చాలామంది ఆడింది ఆ పోలికవే. ఇంట్లో దొరికిన గోళీ ‘తాతల నాటిది’ అని ఎవరైనా అంటే, భూతద్దం పెట్టి ముందు ఆ మచ్చ వెతకాలి. మచ్చ ఒక్కటే చాలదు, ఇప్పటి కళాకారులు చేత్తో చేసేవాటికీ అది ఉంటది.

ఇక వెల కట్టడం. రకం, సైజు, స్థితి, కంటికి ఇంపు, ఈ నాలుగూ కొలతలు. పేచీ వచ్చేది మూడోదాని దగ్గర. దెబ్బ తగలనిది ‘మింట్’, దానికే పెద్ద ధర. నెలవంక లాంటి చిన్న పగులున్నా ధర పడిపోతుంది. పాలిష్ పట్టించి పగులు చెరిపేస్తే అసలు పైపొర పోయిందని ఇంకో కోత. కంపెనీ అట్టపెట్టెలో కదలకుండా ఉన్నవాటికి గిరాకీ ఇంకా ఎక్కువ.

ఆ నెలవంక ఎట్లా పడుతుంది? ఇంకో గోళీ వచ్చి తగిలితే. అంటే గోళీ తన పని తాను చేస్తే. ఈ లెక్కన అన్నిటికంటే గొప్ప గోళీ ఏ పిల్లాడి చేతికీ చిక్కనిదన్నమాట.

మా గల్లీల్లో లెక్క తిరగేసి ఉండేది. ప్రతివాడికీ ఒక కొట్టుడు గోటీ. పది కొత్తవి ఇస్తామన్నా దాన్ని పందెంలో పెట్టేవాళ్లు కాదు. దెబ్బలు తిని తిని మెరుపు పోయేది కాబట్టే వేలి మీద జారేది కాదు. గైడు ప్రకారం అది చెత్త.

దీన్ని చిన్నతనం మీద బెంగ అని కొట్టిపారేయొద్దు. వరంగల్ కోటలో కాకతీయుల తోరణాల నడుమ విరిగిన శిల్పాలు పరిచి ఉంటాయి. వాటికి ‘మింట్’ కొలత పెడితే మిగిలేది సున్నా. కానీ ఆ విరుగుడే కోటకి ఏం జరిగిందో చెప్తుంది. రాయి మీద గాయాన్ని చరిత్ర అని చదివే మనం గాజు మీద గాయాన్ని లోపం అని ఎందుకు ఒప్పుకోవాలి?

పోగుచేసేవాళ్ల వైపూ న్యాయం ఉంది. పగులుని కొలవొచ్చు, జ్ఞాపకాన్ని కొలవలేం. కథ చెప్పి అమ్మాలంటే ఎవరైనా చెప్తారు. అయితే పేరున్న క్రికెటర్ ఆడిన బ్యాటు మీద బంతి మచ్చలుంటే వేలంలో ఎవరూ ధర తగ్గించరు. వాడకం విలువ పెంచుతుందని బజారుకి తెలుసు, వాడినవాడికి పేరుండాలి, అంతే. గోళీ ఆడినవాడు పేరులేని పిల్లాడు. నా పేచీ అసలు అక్కడ.

పైగా అరుదుతనంలో ఆటకీ వాటా ఉంది. గోళీ సోడా సీసాకి హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1872లో పేటెంటు తీసుకున్నాడు. అక్కడి పిల్లలు గోళీ కోసం సీసాలు పగలగొట్టేవాళ్లు. పాత సీసాలు నిండుగా మిగలడం తగ్గింది అందుకే అంటారు. పిల్లలు ఆడి పోగొట్టారు కాబట్టి మిగిలినవాటికి ధర పలుకుతోంది. ఆ పిల్లలకి మాత్రం గైడులో చోటు లేదు.

మీ ఇంట్లో గోటీల డబ్బా ఉంటే ఈ పుస్తకాలు తప్పకుండా చదవండి. చాలావాటికి పైసా రాదని తెలుస్తుంది, పాలిష్ పట్టించకూడదనీ తెలుస్తుంది. కానీ నాలుగు కొలతల పక్కన ఐదో గడి మీరే గీసుకోండి. ఎవరు ఆడారు, ఏ గల్లీలో, ఎవరి దగ్గర గెలిచారు అని ఇంట్లో పెద్దవాళ్లనడిగి ఒక చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే ఆ పని అవుతుంది.